బీగం మనది... చెవి ఎవరిది?

2024 జులై 21. ఆదివారం రాత్రి. మదనపల్లె సబ్‌ కలెక్టర్‌ కార్యాలయంలో మంటలు లేచాయి. భూములకు సంబంధించిన ఫైళ్లు బూడిదయ్యాయి. మర్నాడే రాష్ట్ర డీజీపీ హెలికాప్టర్‌లో వచ్చి వాలారు. తర్వాత కేసు సీఐడీ చేతికెళ్లింది. ఎవరు చేశారు, ఎందుకు చేశారన్నది దర్యాప్తూ న్యాయస్థానాలూ తేల్చాల్సిన సంగతి. కానీ ఆ వార్త విన్నప్పుడు డీకేటీ పట్టా ఉన్న రైతుకైనా, ఇంటి స్థలం కాగితం ఉన్న ఉద్యోగికైనా ముందు తట్టే ప్రశ్న ఒక్కటే... ‘ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?’

కాగితానికి ఒక మంచి గుణం ఉంది. ఒక ఉత్తరం నాలుగు ఆఫీసులు తిరిగితే నాలుగు చోట్లా దాని జాడ మిగులుతుంది. సబ్‌ కలెక్టర్‌ ఆఫీసులో కాలిపోయినా తహసీల్దారు ఆఫీసులో ఓ ప్రతి దొరకొచ్చు, కలెక్టరేట్‌లో మరోటి దొరకొచ్చు. దొరికిన ప్రతిని చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కళ్లుంటే చాలు!

మరి కంప్యూటర్లో దాచుకున్న రెండో కాపీకి ఈ మాట వర్తిస్తుందా? ‘బ్యాకప్‌ ఉంది కదా’ అని గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చా? ఇక్కడే ఉంది చిక్కంతా!

ఉన్నా తెరుచుకోకపోతే...

మదనపల్లె ఘటనకు సరిగ్గా రెండ్రోజుల ముందు, జులై 19న, ప్రపంచమంతా మరో రకం గోల. క్రౌడ్‌స్ట్రైక్‌ అనే కంప్యూటర్‌ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుల అప్‌డేట్‌ దెబ్బకు విండోస్‌ కంప్యూటర్లు నీలి తెర చూపించి మొరాయించాయి. అలా ఆగిపోయినవి 85 లక్షలని మైక్రోసాఫ్ట్‌ లెక్కగట్టింది. హైదరాబాద్‌ విమానాశ్రయంలో ఓ ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్‌ పాస్‌ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది.

గమనించాల్సిన సంగతేమిటంటే, ఆ కంప్యూటర్లలో ఉన్న సమాచారం ఎక్కడికీ పోలేదు. డిస్కులో భద్రంగానే ఉంది. కానీ లోపలికి వెళ్లి బాగుచేద్దామంటే చాలా యంత్రాలు 48 అంకెల రికవరీ కీ అడిగాయి. ఆ కీలు దాచిన సర్వర్లు కూడా అదే దెబ్బకు పడిపోయిన సంస్థలున్నాయి. బీగంచెవిని ఇంట్లో పెట్టి, తలుపు వేసుకుని వీధిలో నిలబడినట్టన్నమాట!

కాలిపోవడం ఒక నష్టం. కళ్లెదుట ఉండి కూడా తెరుచుకోకపోవడం ఇంకో నష్టం. మొదటిదానికి అందరం భయపడతాం. రెండోదాని గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. బ్యాకప్‌ సాఫ్ట్‌వేర్లకు వచ్చిన ‘ఆన్‌లైన్‌ యాక్టివేషన్‌’ అనే నిబంధన ఈ రెండో నష్టాన్ని మన గుమ్మం దాకా తెచ్చింది.

అసలేమిటీ యాక్టివేషన్‌?

ఒకప్పుడు సాఫ్ట్‌వేర్‌ కొంటే డబ్బాలో సీడీ, దాని కవరు మీద ఒక సీరియల్‌ నంబరు ఉండేవి. నంబరు కొడితే ప్రోగ్రాం తెరుచుకునేది. అంతే. ఎన్నేళ్లయినా, ఏ కంప్యూటర్లోనైనా అదే సీడీ, అదే నంబరు. సౌకర్యమే... కానీ ఒక్క సీడీతో వీధి వీధంతా పని కానిచ్చేసేవారు.

దానికి విరుగుడుగా వచ్చిందే యాక్టివేషన్‌. 2001లో విండోస్‌ ఎక్స్‌పీతో ఇది ఇంటింటికీ పరిచయమైంది. ఇన్‌స్టాల్‌ చేశాక 30 రోజుల్లోగా ఇంటర్నెట్‌ ద్వారానో, ఫోన్‌ చేసో కంపెనీ అనుమతి తెచ్చుకోవాలి. లేదంటే తెరుచుకోదు.

పని చేసే తీరు సులువే. మనం కొట్టిన నంబరుతో పాటు కంప్యూటర్లోని మదర్‌బోర్డు, హార్డ్‌ డిస్క్‌, నెట్‌వర్క్‌ కార్డు లాంటి భాగాల ఆనవాళ్లను సాఫ్ట్‌వేర్‌ చదువుతుంది. అన్నింటినీ కలిపి వేలిముద్ర లాంటి ఒక గుర్తు తయారుచేస్తుంది. నంబరునూ గుర్తునూ కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. ‘ఈ నంబరు ఈ యంత్రానిదే’ అని అక్కడ రాసుకుని, అట్నుంచి ‘సరే’ అని జవాబొస్తే తలుపు తెరుచుకుంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒక్కసారి అడిగి ఊరుకుంటాయి. కొన్ని రోజుకోసారో, నెలకోసారో మళ్లీ అడుగుతూనే ఉంటాయి.

ఉత్తరం రాసుకునే సాఫ్ట్‌వేర్‌కీ, బొమ్మలు దిద్దుకునే సాఫ్ట్‌వేర్‌కీ ఈ పద్ధతి పెడితే విసుగే కానీ ప్రమాదం కాదు. బ్యాకప్‌ సాఫ్ట్‌వేర్‌ సంగతి వేరు. ఎందుకంటే మిగతా సాఫ్ట్‌వేర్లతో మనకు పని పడేది కంప్యూటర్‌ బాగున్న రోజుల్లో. దీంతో అసలు పని పడేది కంప్యూటర్‌ చెడిపోయిన రోజున! పాత యంత్రం పోయింది. కొత్తది తెచ్చారు. మదర్‌బోర్డు వేరు, డిస్కు వేరు, గుర్తు వేరు. సర్వర్‌ లెక్క ప్రకారం మీరు మీరే కాదు. అంటే ఏ రోజు కోసమైతే ఆ సాఫ్ట్‌వేర్‌ కొన్నారో, సరిగ్గా ఆ రోజే అది ‘నువ్వెవరు?’ అని అడిగే అవకాశం ఎక్కువ.

దీనికి తోడు ఇంకో మడతపేచీ. చాలా బ్యాకప్‌ సాఫ్ట్‌వేర్లు ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా కాపీ చేయవు. డిస్కు మొత్తాన్ని కుదించి, తమ సొంత పద్ధతిలో ఒకే పెద్ద మూటగా కడతాయి. దీన్నే ‘ఇమేజ్‌’ అంటారు. ఆ మూట విప్పడం కట్టినవాడికే తెలుసు. ప్రోగ్రాం తెరుచుకోకపోతే మూటలోని పెళ్లి ఫొటో అయినా, లెక్కల పుస్తకమైనా కనపడదు.

మూడు ఊళ్లు... మూడు చిక్కులు

మదనపల్లె టమోటా మార్కెట్‌నే తీసుకుందాం. సీజన్‌లో తెల్లవారకముందే బండ్లు వరసకట్టే చోటు. ఒక మండీలో ఏ రైతు ఎన్ని బాక్సులు తెచ్చాడు, వేలంలో ఏ ధర పలికింది, కమీషన్‌ ఎంత, అడ్వాన్సు ఎంత... అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయనుకుందాం. గుమాస్తా రోజూ రాత్రి బ్యాకప్‌ తీస్తాడు. ఓ వానాకాలం పిడుగుపాటుకు కంప్యూటర్‌ కాలిపోయింది. బ్యాకప్‌ డిస్కు బీరువాలో క్షేమంగా ఉంది. కొత్త కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్‌ ఎక్కించారు. ‘ఈ లైసెన్స్‌ ఇప్పటికే మరో కంప్యూటర్లో వాడుకలో ఉంది. దానిలో రద్దు చేసి రండి’ అని తెర మీద మాట! దాన్ని రద్దు చేద్దామంటే ఆ కంప్యూటరే లేదు కదా. కంపెనీకి మెయిల్‌ పెడితే జవాబు రావడానికి రెండు మూడు రోజులు. బయట పట్టీ చేతిలో పట్టుకుని డబ్బుల కోసం నిలబడ్డ రైతుకు ఈ కథ ఎలా చెప్పాలి?

పుంగనూరుకు వెళ్దాం. ఓ చిన్న ఫొటో స్టూడియో. పదేళ్ల పెళ్లిళ్లు, పుట్టు వెంట్రుకలు, గృహప్రవేశాలు హార్డ్‌ డిస్కుల్లో ఉన్నాయి. బ్యాకప్‌ సాఫ్ట్‌వేర్‌ వేయించే రోజున కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు ‘ఇప్పటికి నా మెయిల్‌తో వేసేస్తాన్నా, తర్వాత మార్చుకుందాంలే’ అన్నాడు. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు! మూడేళ్లకు డిస్కు పోయింది. తిరిగి యాక్టివేట్‌ చేద్దామంటే ఓటీపీ ఆ కుర్రాడి ఫోన్‌కు వెళ్తోంది. అతనేమో బెంగళూరులో ఉద్యోగంలో చేరి నంబరు మార్చేశాడు. డబ్బు కట్టింది స్టూడియో యజమాని. కాగితం ప్రకారం లైసెన్స్‌ ఇంకొకరిది. చిన్న ఊళ్లలో ఎక్కువగా దెబ్బతీసే చిక్కు ఇదే. సర్వర్‌ మంచిదే, కంపెనీ మంచిదే, ఖాతానే మనది కాదు.

ఇక కుప్పం. కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల నడుమ ఉన్న ఊరు. కంప్యూటర్‌ కొత్త కాదిక్కడ. 2002లో హ్యూలెట్‌ ప్యాకార్డ్‌ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ‘ఐ-కమ్యూనిటీ’ పేరుతో మూడేళ్ల ప్రాజెక్టు నడిపింది. సమాచార కేంద్రాలు తెరిచారు. స్వయంసహాయక సంఘాల మహిళలు కొందరికి డిజిటల్‌ కెమెరాలు, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటర్లు ఇచ్చి ఊరూరా ఫొటోలు తీయించారు. అక్కడికక్కడే ప్రింట్‌ తీసి చేతిలో పెట్టేవారు. అలాంటి ప్రింట్‌ ఏ ఇంటి గోడ మీదైనా వేలాడుతుంటే, దాన్ని చూడటానికి ఇవాళ ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ కుప్పం మండలంలోని ఓ మారుమూల ఊళ్లో సిగ్నల్‌ సరిగా అందని బడిలోనో, పాల సొసైటీలోనో ‘ఇంటర్నెట్‌ ఉంటేనే తెరుచుకుంటా’ అనే సాఫ్ట్‌వేర్‌ పెట్టారనుకోండి... గాలివానకు కేబుల్‌ తెగిన రోజున లెక్కలన్నీ తెర అవతలే!

సిగ్నల్‌ పోవడానికి గాలివానే అక్కర్లేదు. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో ఇంటర్నెట్‌ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్‌ కోసం గోదావరి గట్టుకు చేరిన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఆ రోజుల్లో ఎవరి కంప్యూటరైనా చెడిపోయి, యాక్టివేషన్‌ కావాల్సి వచ్చి ఉంటే? సర్వర్‌ ఎక్కడో ఉంది. దారే లేదు.

అవతల దుకాణం కట్టేస్తే?

‘అవన్నీ అరుదు. ఇవాళ కాకపోతే రేపు సిగ్నల్‌ వస్తుంది’ అనొచ్చు. నిజమే. కానీ సిగ్నల్‌ వచ్చినా జవాబు చెప్పే సర్వర్‌ అవతల ఉండాలి కదా! సాఫ్ట్‌వేర్‌ చరిత్రలో ఆ భరోసా చాలాసార్లు సడలింది.

నార్టన్‌ ఘోస్ట్‌ గుర్తుందా? రెండువేల దశకంలో కంప్యూటర్‌ బాగుచేసే ప్రతి కుర్రాడి సంచిలోనూ ఉండే బ్యాకప్‌ సాఫ్ట్‌వేర్‌. దాని పేరే ఓ క్రియాపదమైపోయింది... ‘ఘోస్ట్‌ చేసి పెట్టాను సార్‌’ అనేవారు. అంతటి దాన్ని సిమాంటెక్‌ కంపెనీ 2013లో అమ్మడం ఆపేసింది.

అడోబ్‌ కంపెనీ 2005లో తెచ్చిన సీఎస్‌2 సాఫ్ట్‌వేర్లకు యాక్టివేషన్‌ సర్వర్లు ఉండేవి. తర్వాత వాటిని ఆపేశారు. పాత కొనుగోలుదారులు కొత్తగా ఇన్‌స్టాల్‌ చేసుకోలేని పరిస్థితి. చివరికి 2013లో యాక్టివేషన్‌ అక్కర్లేని ప్రతిని కంపెనీయే అందుబాటులో పెట్టింది. అదీ పెద్దరికం! కానీ ప్రతి కంపెనీ అలా చేస్తుందన్న హామీ ఏదీ?

మైక్రోసాఫ్ట్‌ నడిపిన ఎంఎస్‌ఎన్‌ మ్యూజిక్‌ దుకాణం సంగతి చూడండి. 2008లో ‘ఆగస్టు తర్వాత అనుమతుల సర్వర్‌ ఉండదు’ అని ప్రకటించారు. అంటే డబ్బు పెట్టి కొన్న పాటలు కంప్యూటర్‌ మార్చితే వినపడవు. జనం మండిపడితే గడువు పొడిగించారు. అంతకుముందు ఏడాది, 2007 ఆగస్టులో, విండోస్‌ అసలుదా నకిలీదా అని తేల్చే సర్వర్లలో లోపం తలెత్తి, నిజాయతీగా కొనుక్కున్నవాళ్ల కంప్యూటర్లనూ నకిలీలని ముద్రేశాయి.

మన దేశానికే వద్దాం. 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించాక, గుజరాత్‌లో చమురు శుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్‌ తన సేవలను నిలిపేసింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. కొద్దిరోజుల్లో సేవలు తిరిగొచ్చాయి. డబ్బు కట్టాం, లైసెన్స్‌ ఉంది అని ఆ సంస్థ మొత్తుకుంది. అయినా మెయిళ్లు ఆగిపోయాయి. అంత పెద్ద కంపెనీకి హైకోర్టుకు వెళ్లే శక్తి ఉంది. మండీ గుమాస్తాకు?

కంపెనీల మాటా వినాలి

ఇంత చెప్పాక కంపెనీలదే తప్పంతా అనడం న్యాయం కాదు. సాఫ్ట్‌వేర్‌ కంపెనీల సంఘం బీఎస్‌ఏ 2018లో వెలువరించిన సర్వే ప్రకారం 2017లో మన దేశంలో కంప్యూటర్లకు ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్స్‌ లేనిదే. వందమంది రాత్రింబవళ్లు కష్టపడి తయారుచేసిన సరుకును సగానికి పైగా జనం ఊరికే వాడేసుకుంటుంటే ఏ వ్యాపారైనా తలుపుకు గొళ్లెం పెట్టక ఏం చేస్తాడు? యాక్టివేషన్‌ వల్ల దొంగ లైసెన్సులు కొని మోసపోయే వినియోగదారుడికీ కొంత రక్షణే.

కానీ ఇందులో ఓ విచిత్రం ఉంది. దొంగ కాపీ వాడేవాడికి ఈ గొళ్లెం అడ్డే కాదు. వాడి దగ్గరున్నది గొళ్లెం పీకేసిన ప్రతి. (అందులో వైరస్‌ ఉంటే అది వేరే శిక్ష!) తలుపు దగ్గర చీటీ చూపించమని నిలబెట్టేది మాత్రం డబ్బు కట్టి కొన్నవాణ్నే.

కస్టమర్‌ గట్టిగా అడిగితే కంపెనీలు తగ్గిన సందర్భాలూ లేకపోలేదు. అమెరికాలో ఆదాయపు పన్ను లెక్కలు వేసుకునే టర్బోట్యాక్స్‌కు దాన్ని అమ్మే ఇన్‌ట్యుయిట్‌ కంపెనీ యాక్టివేషన్‌ పెట్టింది. జనం వ్యతిరేకించారు. 2003 మేలో ‘ఇకపై ఉండదు’ అని కంపెనీయే చెప్పింది. మన దేశంలో వ్యాపారులు ఎక్కువగా వాడే ట్యాలీ లైసెన్స్‌ లేకపోయినా పూర్తిగా మూసుకుపోదు. ‘ఎడ్యుకేషనల్‌ మోడ్‌’లో తెరుచుకుంటుంది. నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు వేయనిస్తుంది. ఒక కంప్యూటర్‌ నుంచి లైసెన్స్‌ను ‘సరెండర్‌’ చేసి ఇంకోదానికి మార్చుకునే వీలూ ఉంది. కొత్త పనికి గొళ్లెం పెట్టుకున్నా ఫర్వాలేదు, పాత లెక్క చూసుకునే దారి మూయకూడదు... బ్యాకప్‌ సాఫ్ట్‌వేర్లకు కావలసిన నీతి ఇదే. కొత్త బ్యాకప్‌ తీయడానికి లైసెన్స్‌ అడగండి. తీసిన బ్యాకప్‌ను తిరిగి పొందడానికి మాత్రం ఎవర్నీ ఏదీ అడగకండి!

చట్టం ఆరేళ్లు... లైసెన్స్‌ ఏడాది

ఇది సౌకర్యానికి సంబంధించిన ముచ్చటే అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. చట్టం కూడా ఉంది మధ్యలో. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌ ఉన్న వ్యాపారి తన లెక్కల పుస్తకాలనూ రికార్డులనూ వార్షిక రిటర్న్‌ దాఖలు గడువు నుంచి 72 నెలల పాటు... అంటే ఆరేళ్లు... భద్రపరచాలి. కంపెనీలకైతే మరో మెట్టు ఎక్కువ. 2022 ఆగస్టులో సవరించిన నిబంధనల ప్రకారం లెక్కల పుస్తకాల బ్యాకప్‌ను రోజూ మన దేశంలో ఉన్న సర్వర్‌లో ఉంచాలి.

ఇప్పుడు లెక్కేయండి. చట్టం అడిగేది ఆరేళ్లు. ఏడాది చందా పద్ధతిలో అమ్మే సాఫ్ట్‌వేర్‌ లైసెన్స్‌ ఆయుష్షు 365 రోజులు. చందా ఆగిన మర్నాడు పాత మూటలు తెరుచుకుంటాయా, లేదా? అధికారి నోటీసు పంపితే ‘సార్‌, లెక్కలున్నాయి కానీ లైసెన్స్‌ అయిపోయింది’ అంటే ఒప్పుకుంటారా?

అసలు కొంటున్నామా, అద్దెకు తీసుకుంటున్నామా అన్నదే చాలామందికి తెలియదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం దీనిపై 2024లో ఓ చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీ ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల డిజిటల్‌ సరుకును ‘కొనండి’ అని అమ్మితే, అది లైసెన్స్‌ మాత్రమేనని ముందే స్పష్టంగా చెప్పాలి. మన దగ్గర వినియోగదారుల రక్షణ చట్టం-2019 ఉంది. డబ్బు తీసుకుని సేవలో లోపం చేస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 1915 నంబరుకు ఫోన్‌ చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. కాకపోతే బిల్లు మన పేరు మీద ఉండాలి!

ఇంట్లోనూ ఇదే కథ

‘మాకు వ్యాపారాలేం లేవు, మాకెందుకీ గోల’ అనుకుంటున్నారా? కొత్త ల్యాప్‌టాప్‌ కొన్నారా? 2024లో వచ్చిన విండోస్‌ 11 వెర్షన్‌ను కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్‌ ఖాతాతో లాగిన్‌ అయితే, డిస్కుకు తనంతట తానే తాళం పడుతుంది. దాని కీ ఆ ఖాతాలో ఉంటుంది. షాపులో కుర్రాడు తన ఖాతాతో మొదలుపెట్టి ఇచ్చి ఉంటే ఆ కీ ఎవరి దగ్గరున్నట్టు? వాట్సాప్‌ బ్యాకప్‌కు పాస్‌వర్డ్‌ పెట్టుకుని మరిచిపోతే వాట్సాప్‌ వాళ్లు కూడా తెరవలేరు. రెండేళ్లు ముట్టుకోని వ్యక్తిగత గూగుల్‌ ఖాతాను, అందులోని ఫొటోలతో సహా తొలగించే అధికారం తనకుందని గూగుల్‌ 2023లో ప్రకటించింది. చనిపోయిన తండ్రి ఫోన్లోని ఫొటోలు, గొంతు రికార్డింగులు ఆ ఖాతాలోనే ఉండిపోయిన ఇళ్లెన్నో!

పాతవాళ్లు ఈ విషయంలో మనకంటే ముందుచూపున్నవాళ్లే. తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనలను ఆయన కుటుంబం రాగిరేకుల మీద చెక్కించింది. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో అవి శతాబ్దాల పాటు ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో వెలికి తీసినప్పుడు వాటిని చదవడానికి తెలుగు లిపి తెలిసిన పండితులుంటే సరిపోయింది. రాగిరేకును తయారుచేసినవాడి అనుమతి అడగాల్సిన పని పడలేదు. 1919లో మదనపల్లె బిసెంట్‌ థియొసాఫికల్‌ కళాశాలలో రవీంద్రనాథ్‌ టాగోర్‌ ‘జనగణమన’ను ఆంగ్లంలోకి మార్చి రాసిచ్చారు. కాగితం మీది ఆ అక్షరాలూ అంతే. చూసినవాడికి చూసినంత.

పొట్టి ఆవుల జాతికి పేరుపడ్డ పుంగనూరు నుంచీ ఒక పాఠం ఉంది. ఆ జాతి అంతరించిపోతుందేమోనన్న భయం పుట్టినప్పుడు పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో మందను పెంచుతూ కాపాడుకొచ్చారు. ఒకే చోట, ఒకరి చేతిలోనే ఉంటే ఏదైనా ప్రమాదమే. రెండో చోట, ఇంకో చేతిలో కూడా ఉండటమే భద్రత. ఫొటోగ్రాఫర్‌ పీటర్‌ క్రోగ్‌ తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన ‘3-2-1’ సూత్రం చెప్పేదీ అదే... మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. నేటి రోజులకు దానికో మాట కలుపుకోవాలి: వాటిలో ఒక్కటైనా ఎవరి అనుమతీ లేకుండా తెరుచుకోవాలి.

ఇలా చేసి చూడండి...

* బ్యాకప్‌ సాఫ్ట్‌వేర్‌ కొనే ముందు అమ్మేవాణ్ని మూడు ప్రశ్నలు అడగండి. ఇంటర్నెట్‌ లేకుండా యాక్టివేట్‌ చేయొచ్చా? పాత కంప్యూటర్‌ పూర్తిగా పోతే లైసెన్స్‌ కొత్తదానికి ఎలా మారుతుంది? చందా ఆగిపోయాక పాత బ్యాకప్‌ తెరుచుకుంటుందా? జవాబులు మెయిల్‌లో రాయించుకోండి.

* ఖాతా మీ మెయిల్‌తో, మీ ఫోన్‌ నంబరుతోనే తెరవండి. బాగుచేసే కుర్రాడు ఎంత మంచివాడైనా సరే! ఇప్పటికే అతని పేరు మీద ఉంటే ఈ వారమే మార్పించుకోండి.

* సీరియల్‌ నంబరు, బిల్లు, రికవరీ కీ... మూడూ కాగితం మీద రాసి, ఇంటి పత్రాలుండే బీరువాలో పెట్టండి. అదే కంప్యూటర్లో దాచుకుంటే దాచనట్టే లెక్క.

* సాఫ్ట్‌వేర్‌ కట్టిన మూట ఒకటి ఉన్నా, ముఖ్యమైన ఫైళ్లను మామూలుగా కాపీ చేసిన డిస్కు ఇంకోటి ఉంచుకోండి. ఫొటోలు జేపీజీగా, పత్రాలు పీడీఎఫ్‌గా ఉంటే ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. లెక్కల రిపోర్టులను ఏడాదికోసారి పీడీఎఫ్‌ చేసి పెట్టుకోండి.

* యాక్టివేషన్‌ ఊసే లేని ఉచిత సాధనాలూ ఉన్నాయి. తైవాన్‌లో తయారైన క్లోన్‌జిల్లా డిస్కు మొత్తాన్ని కాపీ తీస్తుంది. ఫైళ్లకైతే ఫ్రీఫైల్‌సింక్‌ సరిపోతుంది. కాస్త నేర్చుకోవాలి, అంతే.

* అడంగల్‌, 1-బీ, ఈసీ, పట్టా లాంటి భూమి కాగితాలను స్కాన్‌ చేసి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి, నమ్మకమైన బంధువుల ఇంట్లో ఉంచండి. మదనపల్లెలో ఉన్నవాళ్లయితే కుప్పంలో ఉన్న అక్క ఇంట్లో! ఒకే వానకు, ఒకే మంటకు రెండూ పోవు.

అన్నింటికన్నా ముఖ్యమైనది చివర్లో. బ్యాకప్‌ తీయడం సగం పనే. ఒక్కసారైనా తిరిగి తెరిచి చూడటం మిగతా సగం. సెలవు రోజున ఓ గంట కేటాయించండి. ఇంటర్నెట్‌ ఆపేయండి. బంధువులదో, స్నేహితులదో వేరే కంప్యూటర్‌ తీసుకుని మీ బ్యాకప్‌లోంచి ఒక్క ఫొటో, ఒక్క లెక్కల షీటు బయటికి తీయండి. వచ్చాయా, నిశ్చింతగా ఉండండి. రాలేదా... ఆ సంగతి పని ఆగిపోయిన రోజున కాకుండా తీరిగ్గా ఉన్న రోజునే తెలిసినందుకు సంతోషించి, సోమవారం పొద్దున్నే ఆ కంపెనీకి ఫోన్‌ చేయండి!